ఎగ్జిమా రోగి డాక్టరుకు ఏం చెప్పడు, ఎందుకు చెప్పడు

చర్మం డాక్టరు దగ్గరికి ఆలస్యంగా చేరిన ఎగ్జిమా రోగికి మందుచీటీ కంటే ముందు చీవాట్లు దొరుకుతాయి. ఇన్నాళ్లూ ఎక్కడ తిరిగావు, ఈ పసరు ఎవరు పూయమన్నారు, ఆ పొట్లాల్లో ఏముందో తెలుసా అని. హోమియో దగ్గరికో నాటువైద్యుడి దగ్గరికో వెళ్తే అక్కడ ఇంకో రకం అక్షింతలు: ఇంగ్లీషు మందులు పూసి పూసి జబ్బును లోపలికి తోసేసుకున్నావు, ఇక బయటికి లాగాలంటే టైం పడుతుంది అని. రెండు చోట్లా ముద్దాయి రోగే. మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు పడమటి మండలాల్లో ఎగ్జిమా ఉన్నవాళ్లు తిరిగే దారి చూస్తే మాత్రం ఆ తిరుగుడుకు ఒక లెక్క కనిపిస్తుంది. ముందు ఇంట్లో కొబ్బరినూనె, వేపాకు నీళ్లు. తగ్గకపోతే మెడికల్ షాపు ట్యూబు, ఊళ్లో ఆర్‌ఎంపీ సూది. ఆపైన ఎవరో చెప్పిన ఆకుమందు, హోమియో గోలీలు. చివరికి కుప్పం పీఈఎస్ ఆస్పత్రో, మదనపల్లె పెద్దాస్పత్రో, చేతిలో నాలుగు డబ్బులుంటే తిరుపతో వేలూరో బెంగళూరో. దీన్ని అజ్ఞానం అనేసి చేతులు దులుపుకోవడం సులువు. మెరుగైన మందు తన దగ్గరున్నా ఆధునిక వైద్యం ఈ రోగిని మాట దగ్గర పోగొట్టుకుంటోందని నా వాదన. మాట దొరకని రోగి ఇంకోచోటికి పోతాడు, పోయిన సంగతి దాస్తాడు. విడివిడిగా ఏ మందూ చేయనంత చెడుపు ఆ దాపరికం చేస్తుంది.

ఎగ్జిమా ప్రాణం తీయదు కాబట్టి ఇంట్లో దానికి జబ్బు హోదా దక్కదు. పగలంతా ఏదో పనిలో మరిచిపోయిన నవ రాత్రి పడుకున్నాక లేస్తుంది. బిడ్డ గీరుకుంటూ లేస్తే తల్లి లేస్తుంది, తెల్లారేసరికి దుప్పటి మీద రక్తపు మరకలుంటాయి. నెలల తరబడి ఇట్లా నిద్రలేని ఇంట్లో చిరాకు, చదువులో వెనకబాటు, మొగుడూపెళ్లాల మధ్య నీవల్లే అంటే నీవల్లే అనే మాటలు, అన్నీ ఈ జబ్బులో భాగాలే. కార్డిఫ్‌లో ఫిన్లే, ఖాన్ అనే ఇద్దరు వైద్యులు 1994లో చర్మరోగుల కోసం పది ప్రశ్నల కొలబద్ద ఒకటి తయారుచేశారు. అందులో దురద గురించి ఉన్నట్టే సిగ్గు గురించి, కట్టుకునే బట్టల గురించి, ఇంటిపని గురించి, దాంపత్యం గురించి కూడా ప్రశ్నలున్నాయి. ఇప్పుడు ప్రపంచమంతా వాడుతున్న కొలత అది. మన దగ్గర వాటికి ఇంకో రెండు కలపాలి. మొదటిది అంటుకుంటుందనే అనుమానం. ఎగ్జిమా అంటువ్యాధి కాకపోయినా ఆ పిల్లకు సబ్బు వేరు, టవలు వేరు అవుతాయి. రెండోది పెద్దరోగం భయం. కాట్పాడి దగ్గర కరిగిరి ఆస్పత్రికి కుష్టు రోగులు తరలివెళ్లిన రోజులు ఈ ప్రాంతపు పెద్దలకు ఇంకా గుర్తే. ఒంటి మీద మచ్చ కనబడితే డాక్టరుకు చూపించడం కంటే పొడుగు చేతుల జాకెట్టు కుట్టించడం ముందు జరుగుతుంది. పెళ్లికావలసిన పిల్లయితే చెప్పనక్కర్లేదు. చర్మం డాక్టరు గది ముందు బెంచీ మీద కూర్చుంటే నలుగురు చూస్తారు. ఆకుమందు ఇచ్చే ఆయన దగ్గరికి పోతే కడుపునొప్పికి వచ్చామని చెప్పుకోవచ్చు.

ఇక ఈ ప్రాంతపు పనులు చూడండి. టమోటా తోటల గట్ల మీద వయ్యారిభామ నడుం ఎత్తున పెరుగుతుంది. 1950ల నడుమ పుణెలో మొదట కంటబడిన ఈ కాంగ్రెస్ గడ్డి, అందులోని పార్థెనిన్ అనే పదార్థంతో, గాలి ద్వారానే కనురెప్పలకు, మెడకు, మోచేతి మడతలకు ఎగ్జిమా తెప్పిస్తుంది. మల్బరీ తోటలున్న చోట పట్టుగూళ్లను మరుగుతున్న నీళ్లలోంచి తీసి దారం లాగేవాళ్ల వేళ్లు నానినాని పగులుతాయి. కుప్పం నుంచి రోజూ రైలెక్కి బెంగళూరు కట్టడాలకు పోయేవాళ్లకు సిమెంటులోని క్రోమియం ఉండనే ఉంది. మందు వాడుతున్నా మర్నాడు పొద్దున మళ్లీ అదే తోట, అదే తొట్టి, అదే సిమెంటు. పుండు మానినట్టే మాని తిరిగి రేగుతుంది. పైగా ఎగ్జిమాకు తనంతట తాను పెరిగి తగ్గే గుణం ఉంది. బాగా పెరిగిన రోజునే ఎవరైనా కొత్త వైద్యుడిని వెతుక్కుంటారు. పెరిగింది ఎటూ కొంత తగ్గుతుంది. ఆ తగ్గిన పేరు చివరగా వెళ్లిన ఆయనకు, మళ్లీ పెరిగిన చెడ్డపేరు అంతకుముందు ఆయనకు పోతాయి. ఏ వైద్యానికైనా కొన్నాళ్లు హస్తవాసి ఉన్నట్టు కనిపించడానికి సగం కారణం ఇదే. రోగి కళ్లారా చూసిందే నమ్మాడు, చూసింది చాలలేదు, అంతే.

ఆధునిక వైద్యం పేరుతో అతనికి మొదట ఎదురయ్యేది చర్మవైద్యుడు కాదని గుర్తుంచుకోవాలి. మెడికల్ షాపు కౌంటరు మీద చెయ్యి చాపి చూపిస్తాడు, ఒక ట్యూబు వస్తుంది. చాలాసార్లు అందులో క్లోబెటసాల్ లాంటి గాఢమైన స్టెరాయిడ్, ఒక ఫంగస్ మందు, ఒక యాంటీబయాటిక్ కలిపి ఉంటాయి. జబ్బేదైనా మూడింటిలో ఒకటి తగలకపోతుందా అనే లెక్క. రెండు రోజుల్లో నవ ఆగిపోతుంది. రెండో నెలలో ఖాళీ ట్యూబు చూపించి, అన్నా ఇదే ఇయ్యి, అంటాడు. ఏడాది తిరిగేసరికి చర్మం పలచబడి నరాలు ఎర్రగా తేలతాయి, ముఖానికి పూసుకుంటే ఎండకు మంట పుడుతుంది, పూయడం ఆపితే ముందుకంటే ఎక్కువగా రేగుతుంది. దేశమంతటా ఇది ఎంత పెరిగిందంటే భారతీయ చర్మవైద్యుల సంఘం పైపూత స్టెరాయిడ్ల దుర్వినియోగం మీద ప్రత్యేక కార్యదళమే పెట్టుకుంది. 2018లో కేంద్రం 14 రకాల స్టెరాయిడ్ పూతలను చీటీ లేనిదే అమ్మరాదని షెడ్యూల్ హెచ్‌లోకి తెచ్చింది కూడా. అట్టపెట్టె మీద ఎర్రగీత పడింది, కౌంటరు మీద పెద్దగా మారిందేమీ లేదు. ఈ అనుభవం తర్వాత రోగి నోట ఇంగ్లీషు మందు మంచిది కాదనే మాట వస్తే దాన్ని మూఢనమ్మకం అనలేం. అతనికి తెలిసిన ఇంగ్లీషు మందు ఆ ట్యూబే.

స్టెరాయిడ్ భయం మనవాళ్ల ప్రత్యేకత కూడా కాదు. ఇంగ్లండులో నాటింగ్‌హామ్ ఆస్పత్రికి వచ్చిన 200 మందిని అడిగితే నూటికి 72 మందికి పైగా పైపూత స్టెరాయిడ్లంటే బెంగ ఉందన్నారు, నాలుగో వంతు మంది ఆ బెంగతో సరిగా వాడటం లేదన్నారు. అది 2000లో ప్రచురించిన అధ్యయనం. 2011లో ఫ్రాన్స్‌లో అడిగితే భయం ఉన్నవాళ్లు నూటికి 80 దాటారు. చదువుకున్న దేశాల్లో, వైద్యం ఉచితంగానో చవకగానో దొరికే చోట ఇదీ పరిస్థితి. మన దగ్గర తిరకాసు ఇంకొకటి. డాక్టరు రాసిన తేలికపాటి స్టెరాయిడ్‌ను భయంతో పక్కన పెట్టేసే మనిషే షాపువాడిచ్చిన గాఢమైన దాన్ని పేరు తెలియక నిశ్చింతగా పూసుకుంటాడు. భయపడాల్సిన చోట భయం లేదు, అక్కర్లేని చోట ఉంది. ఈ తారుమారును సరిచేయాల్సింది మాట. ఏ పూత, ఎక్కడ, ఎంత, ఎన్నాళ్లు, ఎప్పుడు ఆపాలి అనే మాట.

ఆ మాటకు టైం ఎక్కడుంది? 67 దేశాల్లో ప్రాథమిక వైద్యుడు ఒక్కో రోగితో గడిపే సమయాన్ని పోల్చిన అధ్యయనం 2017లో బీఎంజే ఓపెన్ పత్రికలో వచ్చింది. మన దేశానికి దొరికిన లెక్క సుమారు 2 నిమిషాలు. హోమియో వైద్యుడి దగ్గర మొదటి రోజు అరగంటో గంటో పడుతుంది. చలికాలం ఎక్కువా వేసవిలో ఎక్కువా, కలలొస్తాయా, కోపం ఎక్కువా, తీపి ఇష్టమా కారమా అని అడుగుతాడు. ఆ జవాబులతో ఎన్నుకున్న గోలీలో మందు అణువు ఉందా లేదా అనేది తర్వాతి సంగతి. ఆ ఇల్లాలి నిద్రలేమి గురించి ఈ ఊళ్లో ఎవరైనా అడిగారంటే ఆయనే. నాటువైద్యుడు ఇంకో మెట్టు ఎక్కి పత్యం పెడతాడు. వంకాయ వద్దు, గోంగూర వద్దు, చేపలు, గుడ్లు, కోడికూర ముట్టొద్దు. శాస్త్రం లెక్కన చాలామందికి వీటిలో ఎక్కువ భాగం అక్కర్లేదు. ఎదిగే బిడ్డకు గుడ్డూ పాలూ మాన్పిస్తే నష్టం కూడా. కానీ మనసు లెక్కన చూస్తే పత్యం ఏం చేస్తోందో అర్థమవుతుంది. చేతులు కట్టుకుని చూస్తున్న ఇంటికి అది పని కల్పిస్తుంది. అవ్వ వంట మార్చుకుంటుంది, నాన్న సంతలో వేరే కూరగాయలు తెస్తాడు, జబ్బు అందరిదీ అవుతుంది. ట్యూబు ఒక్కటే చేతిలో పెట్టి పంపించే వైద్యం ఆ పిల్లను తన చర్మంతో ఒంటరిగా వదిలేస్తుంది. పైగా అవతల వేరుతో సహా పెరికేస్తానంటారు, ఇవతల ఇది పూర్తిగా పోదు, అదుపులో ఉంటుంది అంటారు. రెండోదే నిజం. కానీ నిజం చెప్పే ఓపిక లేకుండా చెప్పిన నిజం శాపంలా వినిపిస్తుంది.

ప్రత్యామ్నాయ వైద్యాలు నిజంగా పనిచేస్తాయా అన్న ప్రశ్న నుంచి తప్పుకునే ఉద్దేశం నాకు లేదు. కొబ్బరినూనెకు కొంత సాక్ష్యం ఉంది: ఫిలిప్పీన్స్‌లో 117 మంది పిల్లల మీద జరిపి 2014లో ప్రచురించిన ప్రయోగంలో అది మినరల్ ఆయిల్ కంటే మెరుగనిపించింది. మన అవ్వలు సంతోషించవచ్చు. హోమియోకు ఎగ్జిమాలో అలాంటి సాక్ష్యం లేదని 2012 నాటి సమీక్ష తేల్చింది. కుప్పింటాకు ఉప్పుతో నూరి పచ్చి పుండు మీద రుద్దితే మంట తప్ప ఏమీ మిగలదు, నల్లజీడి తగిలితే ఎగ్జిమా లేనివాడికీ పొక్కులు లేస్తాయి. అన్నిటికంటే ఎక్కువ ఆలోచించాల్సింది లండన్ నుంచి 1999లో వచ్చిన నివేదిక. చర్మరోగాలకని ఇచ్చిన 11 చైనా మూలికా క్రీములను పరీక్షిస్తే 8 క్రీముల్లో డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ ఉంది. 2003లో బర్మింగ్‌హామ్‌లో 24 మూలికా క్రీములు పరీక్షిస్తే 20 క్రీముల్లో స్టెరాయిడ్ దొరికింది. స్టెరాయిడ్‌కు జడిసి మూలికల దగ్గరికి పరుగెత్తిన తల్లులు ఇంకా గట్టి స్టెరాయిడ్‌ను పసిపిల్లలకు పూశారన్నమాట. మన ఊళ్లలో లేబుల్ లేని చిన్న డబ్బాలో వచ్చే తెల్ల క్రీము రెండు రోజుల్లో అద్భుతం చేసిందంటే మెచ్చుకునే ముందు అనుమానపడాలి. ఆకు అంత తొందరగా పనిచేయదు.

ఇప్పుడు మాట పనిచేస్తుందా అన్నది చూద్దాం, ఎందుకంటే నా వాదన నిలిచేదీ కూలేదీ ఇక్కడే. ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో 51 మంది ఎగ్జిమా పిల్లల్ని చర్మవ్యాధుల నర్సు చూసిన అధ్యయనం 2003లో వచ్చింది. మొదటి రోజు తల్లిదండ్రుల్ని అడిగితే, జబ్బు ఎందుకొస్తుందో, పూత ఎలా పూయాలో తమకు ఎవరైనా వివరించారని చెప్పినవాళ్లు నూటికి ఐదుగురు కూడా లేరు. నర్సు కూర్చోబెట్టి చెప్పింది, పూసి చూపించింది. చర్మాన్ని తడిగా ఉంచే పూతల వాడకం అనేక రెట్లు పెరిగింది, జబ్బు తీవ్రత 89 శాతం పడిపోయింది. మందులు పాతవే. పోల్చిచూడటానికి ఇంకో గుంపు లేని అధ్యయనం ఇది, కాబట్టి ఆ 89ని కాస్త తగ్గించి చదువుకోవాలి. జర్మనీలో ఆ లోపం లేకుండా చేశారు. వారానికోసారి రెండు గంటల చొప్పున ఆరు వారాలు పిల్లలకూ తల్లిదండ్రులకూ తరగతులు పెట్టి, తరగతులు లేనివాళ్లతో పోల్చారు. 2006లో బీఎంజేలో వచ్చిన ఆ ఫలితాల్లో ఏడాది తర్వాత కూడా తరగతులకు వచ్చినవాళ్ల జబ్బూ మెరుగే, ఇంట్లో బతుకూ మెరుగే. చెప్పాల్సింది బ్రహ్మవిద్యేమీ కాదు. ట్యూబు మూతి నుంచి చూపుడువేలి చివరి కణుపు పొడవునా గీతలా పిండితే సుమారు అర గ్రాము వస్తుంది, అది పెద్దవాళ్ల రెండు అరచేతులంత చోటుకు సరిపోతుంది. స్నానమయ్యాక ఒళ్లు పూర్తిగా ఆరకముందే తడిపూత పూయాలి. స్టెరాయిడ్ రేగిన చోటే, చెప్పిన రోజులే. రక్తం చెడిందనే మాటకు బదులు, చర్మపు కాపుగోడను కట్టే ఫిలాగ్రిన్ అనే ప్రొటీన్ కొందరికి పుట్టుకతోనే తక్కువని 2006లో కనిపెట్టారనీ, అందుకే నీరు బయటికీ చికాకు లోపలికీ పోతున్నాయనీ చెప్పొచ్చు. చెడిన రక్తం కంటే బలహీనమైన గోడ ఏ తల్లికైనా సులువుగా అర్థమవుతుంది, అందులో ఆమె తప్పు కూడా లేదు.

ఇదంతా నాటువైద్యానికి దొడ్డిదారిన సర్టిఫికెట్ ఇవ్వడమేనని హేతువాదులైన మిత్రులు అనవచ్చు. వాళ్ల ఆందోళన న్యాయమైనదే. మృగశిర కార్తెనాడు హైదరాబాదులో బత్తిని కుటుంబం ఇచ్చే చేప మందు కోసం వచ్చే ఉబ్బస రోగుల్లో చిన్నప్పుడు ఎగ్జిమా ఉన్నవాళ్లు తప్పక ఉంటారు, రెండు జబ్బులకూ చుట్టరికం ఉంది కాబట్టి. కోర్టు కేసుల తర్వాత మందు కాస్తా ప్రసాదం అయింది, జనం మాత్రం వస్తూనే ఉన్నారు. 2021 మేలో కృష్ణపట్నంలో ఆనందయ్య కరోనాకని ఇచ్చిన మందు కోసం జనం ఎట్లా ఎగబడ్డారో అందరం చూశాం. ఎగతాళి వల్ల ఆ వరసలు ఒక్క మనిషి మేర కూడా చిన్నవి కాలేదు. రోగి ఎందుకు వెళ్తున్నాడో అర్థం చేసుకోవడం వేరు, వెళ్లిన చోట దొరికిన మందు మంచిదని ఒప్పుకోవడం వేరు. మొదటిది చేయకుండా రెండోదాన్ని ఖండిస్తే రోగి ఖండన విని తలూపి, బయటికి రాగానే అదే పొట్లం విప్పుతాడు. ఆ పొట్లంలో పాదరసమో సీసమో ఉంటే? ఇంటర్నెట్‌లో అమ్మే ఆయుర్వేద మందులు 193 పరీక్షిస్తే ఐదింట ఒకదానిలో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటి ఉందని 2008లో జామా పత్రిక ప్రచురించింది. ఎగ్జిమాకు డాక్టరు మెథోట్రెక్సేట్ రాసి, రోగి చాటుగా ఇంకేదో మింగుతుంటే కాలేయం చెడినప్పుడు ఏది కారణమో ఎవరు తేలుస్తారు? అడిగితే చెప్పే వాతావరణం ఉంటేనే అది తేలుతుంది.

సంప్రదాయ వైద్యుల వైపు నుంచి అభ్యంతరం వేరుగా వస్తుంది: వేల ఏళ్ల అనుభవాన్ని రెండు మూడు విదేశీ పరీక్షలతో కొలుస్తారా అని. తిరుపతిలో తితిదే ఆయుర్వేద కళాశాల 1983 నుంచి ఉంది. అక్కడ చదివిన వైద్యుడినీ, సంచిలో డబ్బాలేసుకుని సంతకు వచ్చే మనిషినీ ఒకే గాటన కట్టకూడదు, ఒప్పుకుంటాను. అట్లాంటప్పుడు ఆ సంచి డబ్బాను పరీక్షించమని ముందు అడగాల్సింది ఆయుర్వేద వైద్యులే. కొలబద్ద అందరికీ ఒకటే కావాలి. స్టెరాయిడ్లకూ అదే కొలబద్ద: ఎక్కువకాలం వాడి ఆపితే చర్మం తీవ్రంగా ఎర్రబడి మండే ప్రమాదం ఉందని బ్రిటన్ మందుల నియంత్రణ సంస్థ 2021లో హెచ్చరిక ఇచ్చింది. ఆ హెచ్చరికను దాచిపెట్టి స్టెరాయిడ్లు పరమ సురక్షితం అనే డాక్టరు, రోగి అనుమానాన్ని రెట్టింపు చేయడం తప్ప సాధించేదేమీ లేదు.

అన్నిటికంటే బరువైన అభ్యంతరం ఓపీలో కూర్చునే డాక్టరుది. పొద్దున్నే వంద చీటీలు ముందుంటే కలల గురించి అడగమంటారా అంటాడు. అడగనక్కర్లేదు. షెఫీల్డ్‌లో ఆ పని చేసింది నర్సు. మన దగ్గర గ్రామస్థాయి ఆరోగ్య కేంద్రాల్లో బీఎస్సీ నర్సింగ్ చదివిన ఎంఎల్‌హెచ్‌పీలు (మధ్యస్థాయి ఆరోగ్య కార్యకర్తలు) కూర్చుంటున్నారు, వాళ్ల ముందు ఈ-సంజీవని ద్వారా పెద్ద డాక్టరుతో మాట్లాడించే వీలుంది. వేలి కణుపు కొలత చూపించడానికి ఎండీ డిగ్రీ అక్కర్లేదు. వైద్యం ఊళ్లలోకి వెళ్లడం ఈ ప్రాంతానికి కొత్త కూడా కాదు. ఆరోగ్యవరం శానిటోరియం నుంచి జొహానెస్ ఫ్రిమొట్ మోలర్ బృందం 1950 నుంచి 1955 దాకా మదనపల్లె చుట్టుపక్కల ఊళ్లలో క్షయ మీద పనిచేసింది. బీసీజీ టీకా మీద వాళ్లు గమనించిన సంగతులు 1964లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో అచ్చయ్యాయి. అదే 1955లో రాజాజీ అంతటివాడు మద్రాసులో బీసీజీని వ్యతిరేకిస్తూ పుస్తకమే వేశాడు. టీకా మీద అనుమానం దేశమంతా ఉన్న కాలంలోనే వైద్యం ఊళ్లలోకి నడిచి వెళ్లిందన్నమాట.

కాబట్టి అడగాల్సినవి చిన్నవే. ఓపీ చీటీ మీద ఒక గీత గీసి, ఇంతకుముందు ఏమేం పూశారు, ఏమేం మింగారు అని రాసే చోటు పెట్టాలి. ఆ ప్రశ్న నర్సు అడగాలి, జవాబు విన్నాక మొహం చిట్లించకూడదు. చీటీ లేకుండా స్టెరాయిడ్ ట్యూబు అమ్మే కౌంటర్ల మీద 2018 నిబంధనను అమలు చేయాలి. మదనపల్లె, పుంగనూరు, కుప్పం సంతల్లో పేరు లేని చర్మపు క్రీములను నమూనాలు తీసి ప్రయోగశాలకు పంపి, అందులో ఏం దొరికిందో తెలుగులో ప్రకటించాలి. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు. నమూనా తీసే అధికారం డ్రగ్ ఇన్‌స్పెక్టరుకు 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం నుంచే ఉంది, మూలికా మందుల డబ్బా మీద కూడా అందులో ఏముందో రాయాలని దాని కింది నిబంధనలు చెబుతున్నాయి.